పెరట్ల డేగ: ఈకలు దొరుకుతున్నయి, వేట మాత్రం కండ్ల పడ్తలేదు

పానగల్_గట్టు
నల్గొండ శివారు కాలనీ. ఇంటెనక 30 అడుగుల పెరడు. ఒక వేప, ఒక జామ, గోడ పొంటి కరివేపాకు. గోడ అవతల ఖాళీ ప్లాట్లు, సర్కారు తుమ్మలు. పిట్టలకు నూకలు, కొర్రలు వేసే తట్ట ఉంది, పక్కన నీళ్ల మూకుడు. నెల రోజులనుంచి ఒక డేగ వస్తున్నది. పావురం కన్న కొంచెం చిన్నది, వీపు బూడిద రంగు, రొమ్ము మీద ఇటుక రంగు సన్నగీతలు, కండ్లు ఎర్రగ. పొద్దుగాల ఏడింటినుంచి ఎనిమిదిన్నర దాంక దాని మీదనే కన్నేసి కూసుంటే వేపల మెదలకుండ ఉంటది. లోపలికి పోయి చాయ్ తెచ్చుకునేలోపు గోడ మీద ఈకలు. వేట ఒక్కసారన్న చూడాలంటే ఎక్కడ కూసోవాలె, ఏ టైముకు? ఇంకోటి, తట్టల గింజలేసి నేనే ఆ పిట్టల ప్రాణం మీదికి తెస్తున్ననా?

తొండల_దొర
డేగ మీద కన్నేసుడే తప్పు. కొమ్మల నడుమ దాగిన డేగ అరగంట సేపు గూడ అట్లనే ఉంటది. విడిచిందంటే రెండు మూడు సెకన్ల పని. కండ్లు ఉడుత మీద పెట్టుండ్రి, చెవులు పిగిలిపిట్టల (బుల్‌బుల్) మీద పెట్టుండ్రి.

అరుపులు రెండు తీర్లు. డేగ కూసున్నది కనబడ్డదనుకో, ఉడుత బోదెకు అతుక్కుని తోక జాడిస్తు 'చిక్ చిక్ చిక్' అని ఆగకుండ కొడ్తది. పిగిలిపిట్టలు, గోరింకలు దగ్గర చేరి లొల్లి చేస్తయి. నిన్ను చూసేసినం, ఇక పో అని దాని అర్థం. ఆ లొల్లి నడిచినంత సేపు వేట ఉండదు, కాసేపటికి డేగే విసిగి లేచిపోతది. రెండోది సన్నటి ఈల. 'సీ' అని ఒక్కసారి, ఎటునుంచి వచ్చిందో అంతుపట్టదు. దానెంబడే పెరడంత గప్‌చుప్. అప్పుడు డేగ గాలిల ఉన్నట్టు. ఆ టైముకు చాయ్‌కు పోవద్దు.

కూసునే జాగ వేపకు ఎదురుంగ కాదు. తట్ట, గోడ, తుమ్మలు మూడు ఒక్క చూపుల పడేటట్టు పక్కన, పొద్దు మీ ఎనక ఉండేటట్టు. ఇది పైనుంచి గద్ద లెక్క దిగదు. కొమ్మ మీదికెళ్లి కిందికి జారి, నేలకు మోకాలెత్తున, గోడ దాపున వచ్చి ఆఖర్న లేస్తది. అందుకే ఆకాశం చూసేటోళ్లకు ఏం దొరకదు.

డాబా_మీద
ఎర్రకండ్లు, బూడిద వీపు అంటే మగది. ఆడదానికి కండ్లు పసుపు, నారింజ నడుమ ఉంటయి, వీపు కొంచెం మట్టిరంగు తిరుగుతది, సైజుల మగదాని కన్న పెద్దది. పిల్ల డేగ అయితే రొమ్ము మీద అడ్డగీతలుండయి, పై నుంచి కిందికి కారిన చుక్కలుంటయి. మన పాత పేరు జాలెడేగ. శిక్రా అంటే అందరికీ తెలుస్తది.

గంపకింద_కోడి
డేగ అనంగనే ఎవరిదో పందెం పుంజు అనుకుని ఈ చర్చ తెరిచిన.

డాబా_మీద
ఆ పుంజుకు పేరు దీనిదే, కోపం గూడ దీనిదే.

సీదా_మాట
మా కాడ ఇసొంటిదే ఉంది. బూడిద రంగు, తోక మీద పట్టీలు. కాని రాత్రి రెండింటికి గూడ అరుస్తది, నిద్ర పట్టనిస్తలేదు. డేగ రాత్రి వేటాడుతదా?

తొండల_దొర
అది డేగ కాదు, పపీహా. కోకిల జాతిది. డేగ వేషమేసుకుని తిరుగుతది, ఎగురుడు గూడ రెండు మూడు సార్లు రెక్కలు కొట్టి జారుడే, అచ్చం డేగ తీరు. చిన్న పిట్టలు నిజమనుకుని దడుసుకుంటయి. ముక్కు చూడండి. డేగది పొట్టిగ, మొదలు కాడ పసుపు, కొస కొక్కెం లెక్క వంగి ఉంటది. పపీహాది సన్నగ, నేరుగ. కాళ్లు చూడండి. డేగవి పొడుగు, పచ్చగ, గోర్లు కనబడ్తయి. పపీహావి పొట్టివి, ఉన్నయా లేవా అన్నట్టు. ఒక్కొక్క అరుపు పైపైకి పోయి పగిలినట్టు ఆగి మళ్ల మొదటినుంచి షురూ అయితే ఇక అనుమానం లేదు.

సీదా_మాట
అట్లనే అరుస్తది. పగులుడు ఒక్కటే మిగిలింది, నా తలకాయది.

బత్తాయి_నీడ
అసలు ప్రశ్నకు వద్దాం. గోడ మీద ఈకలు అంటున్నరు కద, ఎట్ల ఉన్నయో చెప్పండి. ఈక మొదలు, అంటే పిట్ట ఒంట్ల ఉండే కాడ, సాఫ్‌గ ఉందా, కొరికినట్టుందా? డేగ ఒక్కొక్క ఈక ముక్కుతోని పట్టి పీకుతది, కాడ కొస దాంక పూర్తిగ వస్తది, ఒక్కోసారి ముక్కు నొక్కిన గుర్తు ఉంటది. పిల్లి అయితే నమిలి తెంపుతది, కాడలు సగంల విరిగి తడిగ, రెండు మూడు ఒకదానికొకటి అంటుకుని ఉంటయి. చానమంది పిల్లి తిన్నదాన్ని డేగ నెత్తిన వేస్తరు.

పానగల్_గట్టు
సాఫ్‌గ ఉన్నయి. ఎక్కువ గువ్వ ఈకలు. మొన్న ఉడుత తోక ఒక్కటే దొరికింది. గోడ మీద ఒక్కటే జాగల, అడుగున్నర లోపల. కాని ఎముకలు, కాళ్లు ఏం లేవు. అక్కడ తింటే మిగలాలె కద?

తొండల_దొర
అక్కడ తింటలేదు. పీకి తీస్కపోతున్నది. ఇది వినంగనే నాకు వేరే సంగతి తడ్తున్నది. మగది, ఎండకాలం, నెల రోజులనుంచి ఒక్కటే జాగల ఈకలు పీకి కూర మాత్రం పట్టుకపోతున్నది. తుమ్మలల్లనో, పక్కింటి చెట్టు మీదనో గూడు ఉంటది. డేగలు మార్చి నుంచి జూన్ నడుమ గూడు పెడ్తయి. ఆడది గుడ్ల మీద కూసుంటది, వేటంత మగదే. పిల్లలయినంక గూడ మొదట్ల ఆడదే గూట్ల ఉండి ముక్కలు చేసి పెడ్తది, మగది సరుకు తెచ్చి అప్పజెప్పి పోతది.

అంటే మీరు వేట కోసం వేప కింద కూసునుడు కన్న, సరుకు అప్పజెప్పుడు చూస్తే తేలిక. మగది 'టిట్టూయ్, టిట్టూయ్' అని దూరంనుంచే పిలుస్తది. ఆడది గూటిమీదికెళ్లి లేచి ఎదురొచ్చి కొమ్మ మీద కాలుతోని అందుకుంటది. పొద్దుగాల ఒకటి రెండు సార్లు, మాపటికి నాలుగు తర్వాత ఇంకోసారి దొరకొచ్చు. నడిఎండల రెండూ నీడకు చేరుతయి.

మూసీ_కాలువ
ఆ 'టిట్టూయ్' అన్న పిలుపు ఒక్కదాన్ని నమ్మితే మోసపోతరు. తోక చీలిన నల్లపిట్ట, పసులపోలిగాడు, అచ్చం అట్లనే పిలుస్తది. నేల మీద పురుగులు ఏరుకునే గోరింకలు ఆ అరుపు విని లేచిపోతయి, ఇది దిగి వాటి పురుగు తింటది. పిలుపు వినబడంగనే దుర్భిణి ఎత్తకండి. చిన్న పిట్టలు ఏం చేస్తున్నయో చూసి ఎత్తండి.

సీదా_మాట
పిట్టల్ల గూడ మోసగాళ్లు ఉన్నరన్నమాట.

కొల్లాపూర్_మామిడి
గూడు గుర్తులు: కాకి గూడు లెక్క ఎండుపుల్లలు, పెద్ద చెట్టు మీద కొమ్మలు చీలే కాడ, ఆకుల చాటున. 25 అడుగుల పైననే ఉంటది ఎక్కువ. గుడ్లు 3 లేదా 4, నీలం కలిసిన పాలిపోయిన బూడిద రంగు. పొదుగుడు మూడు వారాల లోపే. కింద నేల చూస్తే ముందు తెలుస్తది. డేగ రెట్ట వెనకకు చిమ్ముతది, సున్నం పిచికారీ కొట్టినట్టు పొడుగు గీతలు పడ్తయి. గుడ్లగూబది నిట్టనిలువున కింద పడి కుప్ప అయితది. గీతలు, నాలుగైదు ఈకలు, చిన్న ఉండలు కనబడితే పైన గూడు ఉన్నట్టే. డేగ కక్కిన ఉండల్ల ఎముక కనబడుడు తక్కువ, అది ఎముకలను అరిగించుకుంటది, వెంట్రుకలు ఈకలే ఉంటయి. గుడ్లగూబ ఉండ విప్పితే ఎలుక పుర్రె దొరుకుతది. ఈ రెండు చూసి గూడు ఎవరిదో చెప్పొచ్చు, చెట్టెక్కే పనే లేదు.

గంపకింద_కోడి
చెట్టెక్కే మాట వచ్చింది కాబట్టి అడుగుత. మాకు దేవరకొండ దిక్కు 12 పిల్లలల్ల 5 పోయినయి. గూడు ఎక్కడుందో తెలుసు. కట్టెతోని దులిపేస్తే పీడ పోదా?

కొల్లాపూర్_మామిడి
దులిపితే పీడ మీకు అంటుకుంటది. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టంల వేట అంటే చంపుడు ఒక్కటే కాదు, గుడ్లు పాడుచేసుడు, గూడు కదిలించుడు గూడ అండ్లనే వస్తది. డేగను పట్టి పెంచుకునుడు గూడ వద్దు. ఒకప్పుడు దీన్ని పట్టి పూరేడు పిట్టల వేటకు నేర్పేటోళ్లు, అరచేతుల పట్టి బల్లెం లెక్క విసిరేటోళ్లు, చేతుల్నుంచే వేగం అందుకునేది. ఆ రోజులు పోయినయి.

బత్తాయి_నీడ
ముందు ఎవరు తీస్కపోతున్నరో తేల్చండి. ఎండెక్కినంక, తొమ్మిది దాటినంక పైన గుండ్రంగ తిరిగి ఒక్కసారి దిగేది మామూలు గద్ద, తోక కొస కొంచెం చీలి ఉంటది. డేగ అట్ల తిరిగి దిగదు. పక్క చెట్టుమీదికెళ్లి గోడ దాటి వస్తది, రెండు మూడు వారాల లోపు పిల్లలకే దాని బలం చాలుతది. తెల్లారేసరికి పిల్ల మాయం, ఈక గూడ లేదు అంటే ముంగిస, పిల్లి, పాము. ఆ లెక్క డేగ మీద వేయొద్దు.

గంపకింద_కోడి
రెండు మిట్ట మధ్యాహ్నం పోయినయి, గద్దనే. మూడు ఎట్ల పోయినయో ఎవరు చూసిండ్రు.

మూసీ_కాలువ
మూడు రాత్రి పోయినయన్నమాట. గూడు బతికిపోయింది.

బత్తాయి_నీడ
కోడిపిల్లలకు చేసేది:
మొదటి నాలుగు వారాలు గంప కిందనే. గంప మీద రాయి పెట్టండి, లేకుంటే ముంగిస ఎత్తుతది. బయటికి వదిలే టైము పొద్దుగాల ఏడు లోపు, మాపటికి ఐదు తర్వాత, గద్దలు ఎత్తుకు ఎక్కని టైముల.
వాకిట్ల ప్రతి పది అడుగులకు ఒక దాపు ఉండాలె. పత్తికట్టె, కందికట్టె మోపులు నాలుగు రాళ్ల మీద అడుగున్నర ఎత్తుకు పరిస్తే చాలు. తల్లికోడి 'కుర్ర్' అనంగనే పిల్లలు అండ్లకు దూరుతయి. వాకిలి ఎంత సాఫ్‌గ ఊడ్చి పెడ్తే గద్దకు అంత సులువు.
పైన వల కడితే ఏడడుగుల ఎత్తు, ఇనుప కడీలు, నాలుగు అడుగులకో జీఐ తీగ, అంగుళం కన్నుల నైలాన్ వల. అసలు తిప్పలు బిగువుతోని. వల సడలితే డేగ, గువ్వ, పాము అన్నీ చిక్కుకుంటయి, చిక్కినదాన్ని తీసేటప్పుడు మీ చెయ్యి చీరుకుపోతది. వానకు, ఎండకు నైలాన్ సాగుతది, ఆరు నెలలకోసారి బిగించుకోవాలె.
సీడీలు వేలాడదీసుడు, దిష్టిబొమ్మలు రెండు వారాలు పనిచేస్తయి. మూడో వారం గద్ద దాని మీదనే కూసుంటది.

పాలమూరు_లెన్స్
ఫొటోలకు వచ్చే సరికి చానమంది చేసే తప్పు ఒక్కటే. డేగ కనబడంగనే పరిగెత్తుడు. అది వచ్చి కూసునే కొమ్మ ఎప్పుడూ ఒకటి రెండే. ముందురోజు ఆ కొమ్మ మీద ఫోకస్ చూసుకుని పెట్టుకోండి. ఎగిరేదానికి షట్టర్ 1/2000 కన్న తక్కువ పెడ్తే రెక్క కొసలు పొగ లెక్క వస్తయి. కూసున్నప్పుడు 1/500 సరిపోతది. ఎఫ్ 5.6, ఐఎస్ఓ ఆటో, ఫోకస్ కదిలేదాన్ని వెంబడించే మోడ్‌ల. ఆకాశం ముంగట ఉంటే డేగ నల్లగ పడ్తది, ఎక్స్‌పోజర్ ఒక స్టాప్ పెంచండి. ఫ్లాష్ వద్దే వద్దు.

కెమెరా లేకుంటే ఫోన్‌ను స్టాండ్ మీద పెట్టి నీళ్ల మూకుడు దిక్కు స్లోమోషన్ వీడియోల వదిలేయండి. ఎండల ఫోన్ వేడెక్కి తనంతట తనే బంద్ అయితది, నీడల పెట్టండి. డేగ నీళ్లు తాగుడు తక్కువ, స్నానానికి మాత్రం దిగుతది, మధ్యాహ్నం తర్వాత. అది గూడ వేట కన్న తక్కువేం కాదు.

దుర్భిణి అయితే 8×42 చాలు. 10 రెట్లది చేతుల వణుకును గూడ 10 రెట్లు చేస్తది. ఇంత చిన్న పెరట్ల రెండు మీటర్ల దూరానికి గూడ ఫోకస్ అందేది తీసుకోండి.

డాబా_మీద
గూడు ఉందని తేలితే మాత్రం ఆ చెట్టు కింద కెమెరా పెట్టద్దు. మీరు నిలబడ్డంత సేపు ఆడది గూటికి రాదు, ఎండకు గుడ్డు ఉడుకుతది, పిల్ల సొమ్మసిల్లుతది. మీరు రోజూ ఒకే చోట నిలబడి పైకి చూస్తే కాకులు గూడ అదే చూస్తయి, మీరు పోయినంక వాటి పని అవి చేసుకుంటయి. దూరంనుంచి, మీ డాబా మీదికెళ్లి చూడండి.

పానగల్_గట్టు
రెండో ప్రశ్న ఎవరూ పట్టించుకోలేదు. తట్ట ఉంచాల్నా తీసేయాల్నా?

సీదా_మాట
తీసేయండి. పిట్టలను పిలిచి డేగకు వడ్డిస్తున్నరు. అన్నం పెట్టి చంపుడు అంటే ఇదే.

తొండల_దొర
సీదా_మాటతోని నేను ఒప్పుకోను. డేగ బతికేది తట్ట మీద కాదు. దాని తిండిల తొండలు, బల్లులు, కప్పలు, మిడతలు, ఉడుతలు గూడ ఉంటయి. తట్ట లేకున్న మీ పెరట్ల తొండ ఉంటది, డేగ వస్తది. పైగా అది విడిచిన ప్రతిసారి దొరుకుతదనుకుంటున్నరేమో, తప్పేవే ఎక్కువ. మీకు ఈకలు కనబడ్తున్నయి కాబట్టి గెలుపులే లెక్కకొస్తున్నయి. ఓటమికి ఈకలు ఉండయి.

మూసీ_కాలువ
ఇద్దరి మాటల సగం సగం ఉంది. తట్ట ఎక్కడ పెట్టినమన్నది అసలు సంగతి. వేపకొమ్మ కిందనే తట్ట ఉంటే డేగకు పైన కూసుని ఏరుకునుడే. తట్ట చుట్టు ఎనిమిది పది అడుగుల దూరంల ముళ్లపొద ఉండాలె, కాగితంపూల చెట్టో, గోరింటో. అంత దూరం ఉంటే పిచ్చుక ఒక్క ఎగురుకు దూరుతది, పిల్లి మాత్రం పొదలకెళ్లి నేరుగ తట్ట మీద దూకలేదు. పొద మరీ దగ్గర ఉంటే పిల్లికి లాభం, మరీ దూరముంటే డేగకు లాభం.

డేగ రోజూ వచ్చి తట్ట ముంగటనే కాపు కాస్తున్నదంటే ఒక వారం గింజలు ఆపండి. పిట్టలు చెదిరిపోతయి, డేగ గూడ వేరే పెరడు చూసుకుంటది. మళ్ల షురూ చేసేటప్పుడు పిరికెడే వేయండి, గంటల ఖాళీ అయ్యేటంత. కుప్ప పోస్తే పావురాలు దిగుతయి, పావురాల గొంతుల పుండు రోగం ఉంటది, అది తిన్న డేగకు అంటుకుంటది. నోట్ల పసుపు పచ్చటి పొక్కులు లేసి మింగలేక చస్తది. మూకుడు నీళ్లు రోజూ మార్చుడు, వారానికోసారి ఒక వంతు బ్లీచింగ్ ద్రావణం తొమ్మిది వంతుల నీళ్లు కలిపి కడిగి ఎండబెట్టుడు తప్పదు. నీళ్లు రెండు అంగుళాల కన్న లోతు వద్దు.

పానగల్_గట్టు
తట్ట వేప కిందనే ఉంది. ఇయ్యాలనే జరుపుత. కాని జరిపే జాగ వెనక వంటింటి అద్దం తలుపు ఉంది.

డాబా_మీద
అయితే ఇంకో గండం. తరుముతున్నప్పుడు పిట్ట, డేగ రెండూ అద్దంల చెట్టు నీడ చూసి అదే దారి అనుకుంటయి. తట్ట అద్దానికి మూడడుగుల లోపల పెట్టండి, లేదా 30 అడుగుల దూరం పెట్టండి. దగ్గరుంటే పిట్టకు వేగం అందే జాగ ఉండదు, తాకినా బతుకుతది. నడుమ దూరమే ప్రమాదం. అద్దం మీద చుక్కల స్టిక్కర్లు బయటి దిక్కున, రెండు అంగుళాలకొకటి, అడ్డం నిలువు రెండూ. ఒక్క డేగ బొమ్మ అతికిస్తే చాలనుకుంటరు, అది దండగ. దాని పక్కనుంచి పోవచ్చనుకుని వచ్చి కొట్టుకుంటయి.

గంపకింద_కోడి
అద్దానికి కొట్టుకుని డేగ కింద పడితే ఏం చేయాలె? పట్టుకుంటే పొడుస్తదా?

డాబా_మీద
పొడుచుడు కాదు, కాళ్లతోని పట్టుడు. ఇది ముక్కుతోని చంపదు. గోర్లు దింపి పిడికిలి బిగిస్తది, మళ్ల మళ్ల బిగిస్తది, ఊపిరి ఆగేదాంక. మీ వేలు గూడ అట్లనే. మందం తువాలు వెనకనుంచి తల, రెక్కలు కప్పేటట్టు వేసి, ముందు రెండు కాళ్లు ఒక్క చేత దొరకబుచ్చుకోండి. అట్టపెట్టెకు నాలుగు బొక్కలు పెట్టి అండ్ల ఉంచండి, లోపల గుడ్డ, మూత పెట్టి చీకటిగ, చల్లటి జాగల. నోట్ల నీళ్లు పోయొద్దు, ఊపిరితిత్తులల్లకు పోతయి. అన్నం, పాలు, రొట్టె ఏం పెట్టొద్దు. గంట రెండు గంటలకు పెట్టె బయట పెట్టి మూత తీయండి. ఎగరకుంటే, రెక్క వేలాడుతుంటే అటవీశాఖకు ఫోన్ చేయండి. మీరు కట్టు కట్టద్దు.

కొల్లాపూర్_మామిడి
అద్దం సరే, ఇంకో రెండు ముప్పులు చెప్త. ఒకటి నైలాన్ మాంజా. 2017ల జాతీయ హరిత ట్రిబ్యునల్ దేశమంత బంద్ చేసింది, అయినా సంక్రాంతి పోయినంక గూడ నెలలదాంక చెట్ల మీద వేలాడుతనే ఉంటది. తుమ్మల మీద ఉన్న దారం కింద నుంచి గుంజకండి, తెగిన ముక్క పైన మిగిలిపోతది. వెదురుకు కొడవలి కట్టి కొమ్మతో సహా కోయండి. అది గూడ గూడు లేని కొమ్మయితేనే.

రెండోది ఎలుకల మందు. బ్రోమడయోలోన్ బిళ్లలు తిన్న ఎలుక అప్పుడే చావదు, నాలుగైదు రోజులు మత్తుగ పగటిపూట తిరుగుతది. గద్దకు, గుడ్లగూబ జాతి పైడికంటకు, పొలాల మీద గాలిల నిలబడి రెక్కలాడించే అడవిరామదాసుకు అదే సులువుగ దొరుకుతది. విషం వాటి ఒంట్లకు పోతది, రక్తం గడ్డకట్టదు, లోపలనే కారి పోతయి. ఇండ్లల్ల బోను పెట్టండి. జిగురు అట్టలు ఆరుబయట మాత్రం పెట్టకండి, బల్లి అంటుకుంటది, బల్లి కోసం వచ్చింది గూడ అంటుకుంటది.

సీదా_మాట
అడవిరామదాసు ఎవరు? మేం దాన్ని గూడ డేగ అనే అంటం.

కొల్లాపూర్_మామిడి
తెల్లటి పొట్ట, భుజం మీద నల్లమచ్చ, ఎర్రకండ్లు, కరెంటు తీగల మీద కూసుంటది. పెరట్లకు రాదు, పొలం దానిది. చలికాలంల పాలమూరు చేన్ల మీద నేలకు తాకినట్టు రెక్కలు వీ ఆకారంల ఎత్తి తేలుకుంట పోయేవి పిల్లిగద్దలు, అవి వలస వస్తయి. తేనెపట్టు చింపేది తేనెగద్ద. మన దిక్కు అన్నింటిని గద్ద అనుడు, కొంచెం చిన్నగుంటే డేగ అనుడు అలవాటయింది. పేరు తప్పయితే పర్వాలేదు, పెట్టే నింద తప్పు కాకుంటే చాలు.

బత్తాయి_నీడ
గూడు నిజంగ ఉంటే పానగల్ భయ్‌కు అసలు పండుగ మృగశిర తర్వాత. పిల్లలు గూడు దాటి కొమ్మల మీదికి వచ్చి పొద్దంత ఆకలి ఆకలి అని అరుస్తయి, దొరకబట్టుడు సులువు. వాటికి వేట రాదు. మొదట్ల మిడతలు, తూనీగల మీదనే నేర్చుకుంటయి. తొలకరి పడ్డ మర్నాడు ఉసిళ్లు లేస్తయి కద, అప్పుడు డేగలు గూడ కాళ్లతోని గాలిలనే పట్టి నోట్లకు అందించుకుంటయి. ఆ రోజు మాత్రం చాయ్ ఫ్లాస్కుల పోసుకుని బయటనే కూసోండి.

పానగల్_గట్టు
నాలుగు రోజులయింది, వరుసగ చెప్త. తట్ట అద్దానికి రెండడుగుల దూరంల పెట్టిన, చుక్కల స్టిక్కర్లు వేసిన. తుమ్మలల్ల ఏం లేదు. పక్క ప్లాటుల ముసలి వేప కింద సున్నం చిమ్మినట్టు గీతలు ఉన్నయి. పైన పుల్లల గూడు, తోక ఒక్కటి బయటికి కనబడ్తది. మా డాబా మీదికెళ్లి చూస్తున్న, దగ్గరికి పోలేదు.

ఇయ్యాల పొద్దుగాల 6:50. ఉడుత లొల్లి చేసి చేసి ఆగింది. డేగ పోయిందనుకున్న. నాలుగైదు నిమిషాలకు ఆ సన్న ఈల వచ్చింది, పెరడంత గప్‌చుప్. గోడ పొంటి మోకాలెత్తున ఏదో జారింది, కరివేపాకు కాడ లేచింది. గువ్వ. గోడ మీద దాన్ని కింద వేసి రెక్కలు రెండు గొడుగు లెక్క పరిచి కప్పుకుంది, తోక విప్పి గోడకు ఆనించింది. కాలు బిగిస్తుంటే తొడ ఈకలు కదులుతున్నయి, తల మాత్రం నా దిక్కే తిప్పి ఉంది. ఈకలు పీకుడు మొదలు పెట్టినంక ఒక్కొక్కటి ముక్కుతోని పట్టి తల పక్కకు విదిలిస్తది, ముక్కుకు అంటిన నూగు కాలుతోని గీరుకుంటది. 11 నిమిషాలు. తర్వాత తీస్కపోయి వేప కాడ రెండు సార్లు పిలిచింది. ఆడది వచ్చి అందుకుంది, చాన పెద్దగుంది.

పాలమూరు_లెన్స్
ఫొటో?

పానగల్_గట్టు
కెమెరా లోపల చార్జింగ్‌ల ఉండె.

తొండల_దొర
చార్జింగ్ గూడ రాత్రే పెట్టుకోవాలె భయ్.

పానగల్_గట్టు
ఇంకోటి. మాపటికి మళ్ల వచ్చి తొండను కొట్టింది, తప్పిపోయింది. తొండ తోక ఊడి కింద గిలగిల కొట్టుకుంది, డేగ దాన్నే చూస్త నిలబడ్డది.

తొండల_దొర
తొండ తోక అట్ల ఊడి కొట్టుకోదు. నున్నగ మెరిసిందా?

పానగల్_గట్టు
మెరిసింది.

తొండల_దొర
అయితే అది నలికండ్ల పాము తోక.

గంపకింద_కోడి
డేగనేనా అది, లేకుంటే పపీహానా? ఒకసారి ముక్కు చూసి చెప్పు.